దివిసీమ ఇసుకలో మా ఆవిడ పుట్టగొడుగు

మా ఆవిడ కల్యాణి విజయవాడలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. నేను గవర్నర్‌పేటలో ఫైళ్లు, కవర్లు, అట్టపెట్టెలు హోల్‌సేలుగా అమ్ముతాను, కొట్టు పైనే ఇల్లు. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి చేసిన ప్రయాణాలు చాలావరకు ఎవరివో పెళ్లిళ్లకీ, తిరుపతికీ. పోయిన నవంబరులో చేసిన ప్రయాణం మాత్రం ఒక పుట్టగొడుగు కోసం. అటువైపు వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. అసలు సంగతి చెప్పాలంటే, నలుగురికీ చెప్పుకోవాలని నాకే ఉబలాటంగా ఉంది. గొప్పలు ఎక్కువయ్యాయనిపిస్తే సర్దుకుపొండి. అవి నా గొప్పలు కావు, మా ఆవిడవి.

సంగతి ఇదీ. అంతకు ముందు ఏడాది కాలేజీ పిల్లల్ని వెంటేసుకుని హంసలదీవి అవతల సముద్రపు ఒడ్డున ఉన్న ఇసుక దిబ్బలకి వెళ్లినప్పుడు, కల్యాణికి ఇసుక మీద దొర్లుతున్న మూడు ఎండు పుట్టగొడుగులు కనిపించాయి. మనం కూర వండుకునే రకం కాదు. సన్నటి కాడ, దాని మీద రేగిపండంత గుండ్రటి తల, నడినెత్తిన చిన్న నోరు. వేలితో నొక్కితే ఆ నోట్లోంచి గోధుమరంగు పొడి పొగలాగా లేస్తుంది. వీటి చుట్టాలన్నీ ఎడారుల్లో, గడ్డి మొలిచే ఇసుక నేలల్లో ఉంటాయట. కల్యాణి తెచ్చినవి మాత్రం ఇంతవరకు పుస్తకాలకెక్కిన ఏ జాతితోనూ కలవలేదు. సూక్ష్మదర్శిని కింద చూసింది, జన్యు పరీక్షకి పంపింది, దేశదేశాల వాళ్లకి ఉత్తరాలు రాసింది. ఇది కొత్త జాతి అని తేల్చుకుని, ఆ వివరమంతా ఒక శాస్త్ర పత్రికకి పంపింది.

పత్రిక వాళ్లు ఒకే ఒక్క కొర్రీ వేశారు. మీకు దొరికినవి ఊడి దొర్లుతున్నవి, గాలికో ఇసుక లారీల్లోనో ఎక్కణ్ణుంచో వచ్చి ఉండొచ్చు, అక్కడి గడ్డి వేళ్లని పట్టుకుని అది బతుకుతోందని మీరంటున్నారు కాబట్టి వేరుతో సహా ఒక్కదాన్ని చూపించండి, అన్నారు. అదే మాట ఒక సదస్సులో ఒక పెద్దాయన నవ్వుతూ అన్నాడు. "కృష్ణా డెల్టాలో ఎడారి పుట్టగొడుగా అమ్మా? బురద తప్ప ఏముంటుంది అక్కడ? దారి తప్పి వచ్చిందేమో చూసుకో." కల్యాణి ఆ మాట ఇంటికొచ్చి మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. మాది పామర్రు పక్క ఊరు. డెల్టాని ఎవరేమన్నా నన్నే అన్నట్టుంటుంది నాకు.

కార్తీకంలో వానలు పడి, ఆ తడి ఆరే లోపల నాలుగైదు రోజులే అది ఇసుకలోంచి తలెత్తుతుందని కల్యాణి అంచనా. ఆ రోజులు దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. అంతకాలం పత్రిక వాళ్లు ఆగరు. అందుకని తుపాను మనకి తప్పిపోయి వాన మాత్రం కురిసిన వారం, కొట్టు మా తమ్ముడికి అప్పజెప్పి, "నేనూ వస్తాను" అన్నాను. "మీరెందుకండీ ఎండలో?" అంది. "బ్యాగులు మొయ్యడానికి" అన్నాను.

పొద్దున్న ఆరున్నరకి బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కాం. తొందరగా వెళితే కిటికీ సీటు దొరుకుతుంది, ఎడంవైపు కూర్చోకండి, ఉయ్యూరు దాకా మొహం మీదే ఎండ. మా సామానులో బట్టలకన్నా వింత వస్తువులే ఎక్కువ. రెండు బ్రష్షులు, ఒక రేకు ముక్క, కత్తెర, సూది, భూతద్దం, కిరాణా కొట్లో జంతికలు పెట్టే, లోపలిది బయటికి కనిపించే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి. ఆ డబ్బా అడుగుని కల్యాణి ముందురోజే కోసేసింది. అడుగు లేని డబ్బా ఎందుకో నాకు అప్పటికి తెలియదు.

ఉయ్యూరులో చెరుకు ట్రాక్టర్ల వెనక కాసేపు ఆగాం. పామర్రు దాటి చల్లపల్లి దారి పట్టాక రెండు వైపులా వరి. వానకి కొన్ని చేలు పడుకున్నాయి. నిలబడిన చేలు మాత్రం పచ్చ తగ్గి బంగారం తిరుగుతున్నాయి. మా ముందు సీట్లో పసిపిల్లని ఎత్తుకున్న ఒకావిడ మా వైపు తిరిగి, "మోపిదేవికేనా అండీ?" అంది. ఆ బస్సులో సగంమంది మోపిదేవి గుడికే వెళ్తారు.

"కాదండీ, హంసలదీవి అవతల దిబ్బలకి" అన్నాను.

"అక్కడేముందండీ?"

"అదే చూడ్డానికి వెళ్తున్నామండీ."

కల్యాణి మోచేత్తో నన్ను పొడిచింది.

తొమ్మిదిన్నర ప్రాంతంలో అవనిగడ్డలో దిగి, బస్టాండుకి దగ్గర్లోనే ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. శుభ్రంగానే ఉంది, ఫ్యాను మాత్రం కిర్రుమంటుంది. కింద హోటల్లో ఇడ్లీ, అల్లం చట్నీ తిని, అక్కణ్ణుంచి కోడూరు, కోడూరు నుంచి ఆటో. దిబ్బల దగ్గర సాయంత్రం దాకా ఒక్క టీ కొట్టు కూడా కనబడదు కాబట్టి అన్నం పొట్లాలు కట్టించుకోండి. నీళ్లు మీకు కావాలనుకున్నదానికి రెండింతలు పట్టుకెళ్లండి. ఎందుకో తరువాత చెబుతాను. దిబ్బల దారిలో అటవీశాఖ గేటు దగ్గర కల్యాణి తన అనుమతి కాగితం చూపించాక లోపలికి వదిలారు. సాయంత్రం ఐదింటికి వచ్చి తీసుకెళ్తానన్నాడు ఆటో అతను.

డెల్టాలో పుట్టి పెరిగినవాణ్ణే అయినా ఆ నేల నాకు కొత్త. కాలవలు, చేలు, రొయ్యల చెరువులు అన్నీ వెనకబడి, ఎదురుగా ఇసుక మేట మీద మేట. నీళ్లు నిలవవు. పన్నెండు కాకముందే కాళ్లు కాలుతున్నాయి. ఆ ఇసుకని పట్టుకుని ఒక గడ్డి పాకుతుంది. ముళ్లముళ్లగా ఉంటుంది. రావణాసురుడి మీసాలు అంటారు దాన్ని. ఎండిన గింజల బంతులు ఊడిపోయి గాలికి ఒడ్డంతా దొర్లుతుంటాయి.

"సముద్రం పక్కనే ఉందనే గానీ, మొక్కకి ఇది ఎడారేనండీ" అంది కల్యాణి. "ఇసుకలో సారం లేదు, తీపి నీళ్లు లేవు. ఈ గడ్డి ఒంటరిగా బతకలేదు. కింద ఎవరో దానికి సాయం చేస్తున్నారు. అది నా పుట్టగొడుగేనని నా నమ్మకం."

ఇక వెతకడం. ఇది పొడుగాటి మనుషులు చేసే పని కాదు. నడుం వంచి, గడ్డి దుబ్బు చుట్టూ కళ్లతో దువ్వుకుంటూ పోవాలి. ఇసుక పైకి కనిపించేది రేగిపండంత తల ఒక్కటే, కాడంతా లోపలే ఉంటుంది. నేను గంటసేపట్లో నాలుగుసార్లు "దొరికింది!" అని కేకేశాను. నాలుగుసార్లూ మేక పెంటికలు. ఐదోసారి కేకేస్తే ఆవిడ తల కూడా ఎత్తలేదు.

మధ్యాహ్నం ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ ఒడ్డు వెంట వస్తూ మమ్మల్ని చూసి ఆగింది. దగ్గర్లోని పల్లెకారుల వాడలో ఉంటుందట, పేరు నాంచారమ్మ. "ఏం పడిపోయిందండీ? ఉంగరమా?" అంది. లేదన్నాను. "మరి గొలుసా?" అంది. కల్యాణి ఫోనులో బొమ్మ చూపించి, పుట్టగొడుగు అని చెప్పింది. నాంచారమ్మ బొమ్మని ఎగాదిగా చూసి, "ఎప్పుడూ చూళ్లేదమ్మా. ఇంత బుల్లిదానికోసం బెజవాడ నుంచి వచ్చారా?" అని నవ్వుకుంటూ పోయింది.

నాలుగు దాటాక, ఒక పెద్ద మేట వెనకవైపు, నీడ పట్టున, నాకు కనిపించింది. ఈసారి మేకది కాదు. నడినెత్తిన నోరు ఉంది. తల కింద కాడ కాస్త బయటికి కూడా ఉంది. రోజంతా ఆవిడ వెతుకుతున్నది నా కళ్ల ముందు, ఆవిడకన్నా ముందు నాకు! కేకేస్తే మళ్లీ నమ్మదేమోనని, చేత్తో తీసుకెళ్లి చూపిద్దామనుకున్నాను.

ఇక్కడ మా డెల్టా వాళ్ల చేతుల సంగతి చెప్పాలి. నేను చదువుకునే రోజుల్లో సెలవులకి మా పొలంలో నారు తీసేవాణ్ణి. మొదలు దగ్గర నాలుగు వేళ్లు బిగించి, బొటనవేలు ఆనించి, మన వైపుకి ఒక్క లాగు. బురదలోంచి వేళ్లతో సహా వచ్చేస్తుంది. మట్టి వదిలేందుకు కాలికేసి రెండు దెబ్బలు. కొట్లో కూర్చుని ఇన్నేళ్లయినా ఆ చెయ్యి ఏమీ మరిచిపోలేదు. పుట్టగొడుగు మొదట్లో వేళ్లు బిగించాను, లాగాను, ఇంకా ఘోరం, కాలికేసి దులిపాను కూడా.

చేతిలో తలా, అర అంగుళం కాడా మిగిలాయి. కాడ విరిగిన చోట ఇసుక పూడుకుపోయింది. కిందిది ఎక్కడుందో, దేన్ని పట్టుకుని ఉందో ఇక తెలియదు. కల్యాణి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, బ్రష్షుతో చాలాసేపు వెతికింది. పొడి ఇసుక తీసినకొద్దీ జారి పూడుకుంటోంది.

లేచి చేతులు దులుపుకుని, "పర్లేదులెండి" అంది.

మా ఆవిడ కోప్పడితే నాకు ధైర్యం. అరిస్తే ఇంకా ధైర్యం. పర్లేదు అన్నదంటే లోపల ఏదో కూలిందని అర్థం. అవనిగడ్డ హోటల్లో చేపల పులుసు మంచి పేరున్నదే, దారిన పోయేవాళ్లు తప్పక తినండి, నాకు మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు. చివరికి నేనే అన్నాను, "కల్యాణీ, తిట్టు."

"తిట్టి ఏం చేస్తానండీ. ఎలా తియ్యాలో మీకు చెప్పకుండా తీసుకురావడం నాదే పొరపాటు. బురదలో పెరిగింది లాగితే వస్తుంది. ఇసుకలో పెరిగింది లాగితే తెగుతుంది. అందుకే కదా అందరికీ తలలే దొరుకుతాయి, వేరు ఎవరికీ దొరకదు." మజ్జిగ పోసుకుంటూ అంది: "అయినా అది నిలబడే ఉంది కదండీ? మీరే చూశారుగా. అంటే దొర్లుకుంటూ రాలేదు. అక్కడే మొలిచింది."

అది విన్నాక నాకు కాస్త అన్నం లోపలికి పోయింది.

రెండో రోజు ఏడింటికే దిబ్బల మీద ఉన్నాం. నేను చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను. ఆవిడ కట్టుకోమనలేదు, నేనే. పదింటికి, నిన్నటి మేటకి అవతల, కల్యాణి ఒక దుబ్బు దగ్గర ఆగి అలాగే కూర్చుండిపోయింది. కేక లేదు, పిలుపు లేదు. నేను వెళ్లి చూస్తే, గడ్డి కాడకి బెత్తెడు దూరంలో తల ఒకటి, పక్కన ఇంకా విచ్చుకోని చిన్న తల ఒకటి.

"నీళ్లు" అంది.

బాటిల్ ఇచ్చాను. తాగుతుందనుకున్నాను. మూతకి సూదితో బెజ్జాలు పొడిచి, పుట్టగొడుగు చుట్టూ చినుకుల్లా పొయ్యడం మొదలుపెట్టింది. పొడి ఇసుక తడిస్తే గట్టిపడి నిలబడుతుంది, అప్పుడే వేరు చెదరకుండా ముద్దగా తీయొచ్చు. ఒక బాటిల్ అయింది. రెండోది అయింది. ఇసుక ఎంత పోసినా తాగేస్తోంది. "సముద్రం నీళ్లు తేనా?" అన్నాను. "వద్దండీ, ఉప్పుకి లోపలి దారాలు చెడిపోతాయి." మూడోది నాది. గొంతు ఎండిపోతోంది. ఆవిడ నా వైపు చూసింది. నేనే మూత తీసి ఇచ్చాను. నాకు చేతనయిన సాయం అదొక్కటే అక్కడ.

అప్పుడు ఆ అడుగు లేని డబ్బా బయటికి వచ్చింది. ముందు ఒకవైపు బ్రష్షుతో వేరు ఎటు పోతోందో చూసుకుంది. పుట్టగొడుగూ, గడ్డి కాడా రెండూ లోపలికొచ్చేలా, వేరు బయటపడ్డ వైపు గోడని ఆనుకునేలా డబ్బాని పెట్టి, వేళ్లతో తిప్పుతూ కొంచెం కొంచెంగా తడి ఇసుకలోకి దించింది. అటూ ఇటూ పాకిన గడ్డి కాడల్ని కత్తెరతో కోసింది. మూరెడు గొయ్యి పక్కన తవ్వి, అడుగున రేకు ముక్క దూర్చి, రెండు చేతులతో పైకెత్తింది. ముద్ద చెదరలేదు. గడ్డి, పుట్టగొడుగు, వాటి నేల, అన్నీ కలిసి పైకి వచ్చాయి.

డబ్బా గోడకి భూతద్దం ఆనించి చూసింది. భూతద్దం నా చేతికిచ్చింది. కాడ అడుగున ఇసుక రేణువులు అంటిన చిన్న ఉండ, ఆ ఉండలోంచి తెల్లటి సన్నటి దారాలు బయల్దేరి గడ్డి వేరుని చుట్టుకున్నాయి. ఎక్కడా తెగలేదు. ఇంటికెళ్లి కోసి, రంగేసి, సూక్ష్మదర్శిని కింద చూపిస్తే తప్ప పత్రిక వాళ్లు ఒప్పుకోరని నాకు తెలుసు. కానీ కొర్రీకి సమాధానం నా కళ్ల ముందుంది. ఈ మనిషి నా పక్కన ఇన్నేళ్లుగా పప్పు తాలింపు పెడుతోంది, పిల్లల పేపర్లు దిద్దుతోంది, లోకంలో ఎవరూ చూడనిది చూస్తోంది.

నాంచారమ్మ ఆ పూట కూడా వచ్చింది. ఖాళీ బాటిళ్లు చూసి, "తాగే నీళ్లన్నీ ఇసుకకి పోశారా! మతులున్నాయా మీకు?" అని కేకలేసి, వాడలో తన ఇంటికి తీసుకెళ్లి చెరో చెంబు నీళ్లిచ్చింది. అంత తీపి నీళ్లు నేనెప్పుడూ తాగలేదు. డబ్బాలోకి తొంగిచూసి, "దీన్ని తింటారామ్మా? అమ్ముతారా?" అంది.

"రెండూ కాదు పిన్నిగారూ. ఇది ఇక్కడుందని లోకానికి తెలీదు. తెలియజెయ్యాలి."

"ఇన్నాళ్లూ దీన్ని తొక్కుకుంటూ తిరిగామా మేము!" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది నాంచారమ్మ. లేచి వెళ్లి తడిపిన పాత చీర ముక్క తెచ్చి డబ్బా చుట్టూ చుట్టింది, ఎండ తగలకుండా.

మూడున్నరకి అవనిగడ్డలో విజయవాడ బస్సెక్కాం. కిక్కిరిసి ఉంది. ఎలాగో కల్యాణికి సీటు దొరికింది, నేను పక్కన నిలబడ్డాను. డబ్బా ఆవిడ ఒళ్లో. ఆవిడ పక్కన కూర్చున్నది తెల్లపంచె, తుండుగుడ్డతో ఒక పెద్దాయన, కోడూరు వైపు రైతు. గడ్డి, తడి ఇసుక చూసి ఆయనకి నవ్వొచ్చింది.

"ఏమ్మా, మీ విజయవాడలో ఇసుక అయిపోయిందా? పక్కనే కృష్ణ పెట్టుకుని ఇక్కణ్ణుంచి మోసుకెళ్తున్నారు?"

చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఈలోపు కల్యాణే చెప్పింది. సాధారణంగా బయటివాళ్ల దగ్గర ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చీర ముక్క కాస్త తొలగించి, వేరు చూపించి, దారాలు చూపించి, ఈ గడ్డికి ఇది ఎలా తోడుంటోందో చెప్పింది. ఇలాంటివి ఎడారుల్లో ఉంటాయని, సరిగ్గా ఇదే మాత్రం ఇంతవరకు ఎవరికీ ఎక్కడా దొరకలేదని చెప్పింది.

పెద్దాయన నవ్వు ఆపేశాడు. "ఎక్కడా దొరకలేదా? మా దివిసీమలోనే ఉందా?"

"ఇప్పటిదాకా తెలిసినంతవరకు మీ దివిసీమలోనేనండీ."

"ఇది మాదన్నమాట."

"మీదేనండీ. ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చిందని కొందరన్నారు. కాదు. ఇక్కడే పుట్టి ఇక్కడే బతుకుతోంది."

ఆయన తల తిప్పి, నిలబడ్డవాళ్లని ఉద్దేశించి గట్టిగా అన్నాడు: "బాబూ, కాస్త వెనక్కి జరగండి. ఆ సంచి తియ్యవయ్యా. ఈ అమ్మ ఒళ్లో మన దివిసీమది వెళ్తోంది, ఎవరూ తగలకండి." ఏం వెళ్తోందో సగంమందికి అర్థం కాలేదు. అయినా జరిగారు. వెనక ఎవరో "ఏంటది, ఏంటది?" అంటే ముందున్న కుర్రవాడు "మన దిబ్బల మీద గడ్డిలోదంట, ప్రపంచంలో ఇంకెక్కడా లేదంట" అన్నాడు. ఆ మాట బస్సు చివరిదాకా పాకింది. ఇంతా చేసి నేను ఒక్క మాట మాట్లాడలేదు. నా గొప్పలు చెప్పే పని బస్సే చేసేసింది.

చల్లపల్లిలో దిగుతూ పెద్దాయన డబ్బాకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టినంత పనిచేసి, "పెద్ద పెద్దవాళ్లు చూస్తారు గదమ్మా అక్కడ. మాదని గట్టిగా చెప్పు" అన్నాడు.

"చెబుతానండీ" అంది కల్యాణి. ఆవిడ కళ్లు నిండాయి.

విజయవాడ బస్టాండు చేరేసరికి దీపాలు వెలుగుతున్నాయి. ఆవిడకి కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోయింది. నా వైపు చూసి, ఒక్క క్షణం ఆగి, డబ్బా నా చేతుల్లో పెట్టింది. "పట్టుకోండి" అంది. ఇంకేమీ చెప్పలేదు, జాగ్రత్త అని కూడా.

రెండు చేతులతో గుండెలకి ఆనించుకుని ఆ జనంలోంచి నడిచాను. ఆటో అతను, "ఎక్కడికండీ?" అన్నాడు.

"గవర్నర్‌పేట. గోతులు చూసుకుని మెల్లగా పోనీ బాబూ" అన్నాను. "దివిసీమ మనిషి ఉన్నాడు నా చేతుల్లో."